అమ్మ ఫోటో, ఉయ్యూరు మాస్టారు

అమ్మ పోయిన నాలుగో నెలలో మా ప్రెస్సులో కంప్యూటరు మార్చారు. పాతది ఎండాకాలం మధ్యాహ్నాలు తనంతట తానే ఆగిపోతుండేది. మూత విప్పి, పక్కన టేబులు ఫ్యాను పెట్టి రెండేళ్ళు నెట్టుకొచ్చాం. ఒకరోజు పెళ్ళికార్డు సగంలో ఉండగా తెర నల్లబడి మళ్ళీ వెలగలేదు. సర్వీసు ఇంజనీరు వచ్చి, లోపలి డిస్కు బాగానే ఉందని, అందులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించి ఇస్తానని తీసుకుపోయాడు. రెండో రోజుకల్లా తెచ్చి పెట్టాడు. ఫైళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. ఓనరుగారు సంతోషించారు. నేను కూర్చుని ఆ పెళ్ళికార్డు మళ్ళీ మొదలుపెట్టాను.

విజయవాడ వన్‌టౌన్‌లో, టోకు బట్టల కొట్ల వెనక సందులో ఉంటుంది మా ప్రెస్సు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ తెలుగు కంపోజింగు చేస్తున్నాను. పెళ్ళికార్డులు, బిల్లు పుస్తకాలు, గుడి కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు, కర్మ కార్డులు. మేము పేజీలు కట్టే ప్రోగ్రాము నాకంటే ఏడాది ముందు ఆ ప్రెస్సులో చేరింది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా తెలుగు అక్షరాలు, మా పాత పనులన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి, ఎన్ని కంప్యూటర్లు మారినా దాన్ని వెంటబెట్టుకుని తిరిగాం.

అది తయారైన రోజుల్లో ఫైలుకు ఎనిమిది అక్షరాలకు మించి పేరు పెట్టడానికి వీల్లేదు. తర్వాతి సిస్టములు ఎంత పొడుగు పేరైనా ఒప్పుకున్నాయి. మా ప్రోగ్రాము మాత్రం అక్కడే ఉండిపోయింది. అందుకని సిస్టము ప్రతి పొడుగు పేరుకూ పక్కన ఒక పొట్టి పేరు తయారుచేసి పెడుతుంది. మొదటి ఆరు అక్షరాలు, ఒక వంకర గీత, ఒక అంకె. మా ప్రోగ్రాముకు కనపడేది ఆ పొట్టి పేరే. కార్డులో అది ఫోటోను దాచుకోదు, ఆ పేరు మాత్రం రాసుకుని, తెరిచినప్పుడల్లా వెతికి తెచ్చుకుంటుంది. "అమ్మ ఫోటో ఉయ్యూరు మాస్టారు" అని నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాను. దానికి "అమ్మ ఫో" అన్నంతవరకే అందుతుంది. అలాంటి పేరుతో ఇంకోటి వస్తే చివరి అంకె ఒక్కటే తేడా. ముందు వచ్చిన అమ్మ ఒకటి, తర్వాత వచ్చిన అమ్మ రెండు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ పొడుగు పేర్లే పెట్టేదాన్ని. ఎనిమిది అక్షరాల్లో ఎవరి ఫోటో ఏదో నాకే గుర్తుండేది కాదు. పని అయ్యాక ఫోటోలు తీసేస్తాం. సంవత్సరీకానికి మళ్ళీ వస్తామన్నవాళ్ళవి మాత్రం ఉంచుతాం. ఆ ఎండాకాలం ఫోల్డర్లో అమ్మ అని మొదలయ్యేవి అలా రెండే మిగిలాయి. ఒకటి ఉయ్యూరు మాస్టారి భార్యది. రెండోది మా అమ్మది. దానికి "అమ్మ ఫోటో ఇంటిది" అని పేరు పెట్టాను.

మా అమ్మ టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైంది. సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో ఆవిడా నేనూ ఉండేవాళ్ళం. నేను పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక చెప్పదగ్గ కథేమీ లేదు. అక్క పెళ్ళయి హైదరాబాదు వెళ్ళింది. నేను ఉండిపోయాను. ప్రెస్సులో పని ఎక్కువైతే ప్రూఫులు ఇంటికి తెచ్చేదాన్ని. అమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఎర్ర పెన్నుతో దిద్దేది. లకారం ఉండాల్సిన చోట ళకారం పడితే ఎవరో తిట్టినట్టు ముఖం పెట్టేది. "మీ ఓనరుగారికి తెలుగు రాదా ఏంటే" అనేది. ఆయనకి వచ్చు, తప్పు చేసింది నేనే అంటే, "మరి నీకు రాదా" అనేది.

ఆవిడ చివరి ఏడాదంతా ఆసుపత్రికీ ఇంటికీ మధ్య గడిచింది. ఒక తెల్లవారుజామున ఆసుపత్రిలోనే పోయింది. మూడో రోజున నేను ప్రెస్సుకు వెళ్ళి పెద్దకర్మ కార్డు కంపోజు చేశాను. వేరే ఎవరన్నా చేస్తారులే అని అక్క అంది. ఎవరు చేస్తారు? ఆ ప్రెస్సులో తెలుగు కంపోజింగు చేసేది నేనొక్కదాన్నే. ఫోటో పెట్టాను, పేరు కొట్టాను, అక్షరాల మధ్య ఎడం సరిచేశాను. ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. ఏడుపు ఆపుకుంటున్నానని అందరూ అనుకున్నారు గానీ, నేనేమీ ఆపుకోలేదు. పొద్దున్నే లేచేదాన్ని, ఒక్కదానికే అన్నం వండుకునేదాన్ని, సిటీ బస్సెక్కి వన్‌టౌన్ వచ్చేదాన్ని. ఎవరైనా ఏమన్నా అడిగితే ఒక్క క్షణం ఆలస్యంగా వినపడేది.

కొత్త కంప్యూటరు వచ్చిన వారానికి ఉయ్యూరు మాస్టారు వచ్చారు. ఉయ్యూరు దగ్గర పల్లెటూళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, నెమ్మదిగా మాట్లాడతారు. ఏడాది కిందట ఆయన భార్య పోయినప్పుడు చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికకు మేమే కార్డులు వేసిచ్చాం. ఇప్పుడు మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు.

"పాత కార్డే ఉంచమ్మా. కూడిక పేరు, తేదీ మార్చితే చాలు. వాక్యం వేరేది రాసుకొచ్చాను," అని మడత పెట్టిన కాగితం ఇచ్చారు.

పాత ఫైలు తెరిచాను. మార్చవలసినవి మార్చాను. ప్రూఫు తీసి ఇస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ చదివి, సరిగ్గా ఉందని కింద సంతకం చేశారు. ప్రూఫులో ఫోటో ఉండదు. ప్రూఫులు తీసే మిషను మీద ముఖాలు బొగ్గు పూసినట్టు వస్తాయి. ఒకసారి ఒకాయన వాళ్ళ నాన్నని అలా చూసి, లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఫోటో ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి ప్రూఫు తీస్తాం.

ఆ సాయంత్రం రంగుల మిషను మీద రెండు వందల కార్డులు తీశాను. ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. కార్డులు ఒకటొకటిగా బయటికి వస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. రంగు సరిగ్గా పడుతోందా, అంచులు వంకర పోతున్నాయా అని చూశాను. ముఖాన్ని కూడా చూశాను. తెలిసిన ముఖమే. అందుకని ఏ అనుమానమూ రాలేదు. బొట్టు ఉంది, కింద బైబిలు వాక్యం ఉంది, మాస్టారి భార్య పేరు ఉంది. అన్నీ చూశాను. కట్ట కట్టి, పైన కాగితం చుట్టి, పని వివరాలు రాసుకునే జాబు చీటీకి ఒక కార్డు గుచ్చి, ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు మాస్టారు వచ్చి పట్టుకెళ్ళారు.

ఆ తర్వాతి రోజు పొద్దున ఫోను వచ్చింది.

"ప్రెస్సేనామ్మా?"

"అవునండి మాస్టారూ. కార్డులు అందరికీ నచ్చాయాండీ?"

"కార్డులు బాగానే ఉన్నాయమ్మా. అక్షర దోషం ఒక్కటీ లేదు. కాకపోతే, ఫోటోలో ఉన్నావిడ మా ఆవిడ కాదు."

జాబు చీటీలు గుచ్చే మేకు నా టేబులు పక్కనే ఉంది. ఆ చీటీ లాగి కార్డు చూశాను. అమ్మ. మొన్న సాయంత్రం రెండు వందల సార్లు చూసిన అమ్మ.

"ఎవరో ఏమన్నా తెలుసామ్మా? వాళ్ళ కార్డు మీద మా ఆవిడ పడిందేమో, పాపం వాళ్ళకీ ఇబ్బందవుతుంది కదా అని అడుగుతున్నా," అన్నారు మాస్టారు.

"మా అమ్మండి."

అవతల కోళ్ళ అరుపు వినపడింది.

"ఆవిడ ఉన్నారా?"

"లేరండి. నాలుగు నెలలైంది."

"అలాగా," అన్నారు. తర్వాత, "పేరేంటమ్మా?" అని అడిగారు.

నాకు వెంటనే గుర్తు రాలేదు. ఎప్పుడూ అమ్మే గానీ పేరుతో నాకు పనేముంది? ఆసుపత్రి కాగితం తలుచుకుని చెప్పాను. ఆయన ఒకసారి మెల్లగా పలికి చూసుకున్నారు.

"తప్పు నాదండి. ఇవాళే మళ్ళీ వేసి, రేపు నేనే తెచ్చిస్తాను. కూడిక రేపు మధ్యాహ్నమే కదా," అన్నాను.

"నువ్వెందుకమ్మా ఇంత దూరం. ఎవర్నైనా పంపిస్తా."

"లేదండి. వస్తాను."

ఓనరుగారు ఆ కార్డు తీసుకుని వెలుతురులో పెట్టి చూశారు. ఆయన మా అమ్మని ఎరుగుదురు. ఎప్పుడైనా ప్రెస్సుకు వస్తే కుర్చీ వేయించేవారు. నన్ను ఏమీ అనలేదు. "ఇది నీ కంటపడకుండా ఎట్లా పోయిందమ్మా," అని మాత్రం అన్నారు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. కంటపడిందండి అన్నాను.

ఇంజనీరుకు ఫోను చేస్తే సంగతి తేలింది. "పొట్టి పేర్లు కాపీ అవ్వవు మేడమ్. కొత్త డిస్కులో మళ్ళీ మొదట్నుంచి వరసగా ఇచ్చుకుంటూ పోతుంది. నేను పేర్ల వరసలో కాపీ చేశా. ఏది ముందొస్తే అది ఒకటి," అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల వరసలో ఇంటిది అన్న మాట ఉయ్యూరుకంటే ముందు వస్తుంది. మాస్టారి పాత కార్డు ఒకటో నంబరు అమ్మ కావాలని అడిగింది. పాత డిస్కులో ఒకటో నంబరు ఆయన భార్య. కొత్తదాంట్లో మా అమ్మ. ప్రోగ్రాము తన పని తాను సరిగ్గానే చేసింది.

శనివారం పొద్దున కొత్త కార్డుల కట్ట సంచిలో పెట్టుకుని బస్టాండుకు వెళ్ళి ఉయ్యూరు బస్సెక్కాను. అంతకుముందు ప్రతి కార్డునూ మళ్ళీ చూశాను. పలచటి ముఖం, బొట్టు లేని నుదురు, తెల్ల చీర, చెవులకు చిన్న పోగులు. మా అమ్మకీ ఆవిడకీ ఏ పోలికా లేదు. బస్సు కంకిపాడు దాటాక పొలాలు కోసేసి బోడిగా ఉన్నాయి. బందరు కాలవలో నీళ్ళు అడుగంటాయి. ఉయ్యూరులో దిగి, షేర్ ఆటోలో ఆ ఊరు చేరేసరికి పదిన్నర అయింది.

మాస్టారి ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. ఆయన అరుగు మీద నిలబడి కుర్చీలు లెక్కపెడుతున్నారు. నన్ను చూసి కిందికి దిగి వచ్చారు. కట్ట విప్పి మొదటి కార్డు చూశారు. చాలాసేపు చూశారు.

"మొన్న ఇదే పని చేసుంటే బాగుండేది," అన్నారు. "నేను చూడలేదమ్మా. కట్ట విప్పి, మా అమ్మాయి చేతికిచ్చి, పంచిరా అన్నా. చూడబుద్ధి కాలేదు. ప్రూఫంటే అక్షరాలు కదా, చదివేశా."

"మరెవరు చెప్పారండీ?"

"చివరింటి ముసలమ్మ. కార్డు పట్టుకుని వచ్చి, మాస్టారూ, అమ్మగారు ఎప్పుడు బొట్టు పెట్టారూ అని అడిగింది. అప్పటికి రెండు వీధులు పంచేశాం. ఒక్కరూ ఏమీ అనలేదు. వాళ్ళూ పేరు చదువుకుని లోపల పెట్టేసుంటారు."

ఆయన నవ్వారు. నాకూ నవ్వు వచ్చినట్టే అయింది. లోపల ఆయన కూతురు అమ్మ ఫోటో పడ్డ కార్డులన్నీ పోగుచేసి సంచిలో పెట్టింది. పంచినవి కూడా ఇంటింటికీ వెళ్ళి వెనక్కి తెచ్చిందట. లెక్కకు ఒకటి తక్కువ.

"ఆ ముసలమ్మ ఇవ్వనందండీ," అంది ఆ అమ్మాయి కాస్త మొహమాటంగా. "ఎవరైతేనేం, ముఖం బాగుంది, ఉండనీ అంది. బైబిల్లో పెట్టేసుకుంది. అడిగి తీసుకురమ్మంటారా?"

"వద్దులెండి, ఉండనివ్వండి," అన్నాను.

కార్డులిచ్చి వెంటనే బయల్దేరదామనుకున్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. ఎండలో ఎక్కడికి వెళ్తావు, కూడిక అయ్యాక భోంచేసి వెళ్దువుగాని అన్నారు. ఆడవాళ్ళ వైపు వెనక వరసలో కూర్చున్నాను. కొందరు అటూ ఇటూ తిరిగి చూశారు. వాళ్ళకు విషయం తెలుసని అర్థమైంది. పాటలు పాడారు. అందులో రెండు నేను కంపోజు చేసినవే, పదాలు వచ్చు. మాస్టారు లేచి భార్య గురించి నాలుగు మాటలు చెప్పారు. పెళ్ళైన కొత్తలో ఆయనకు ఉత్తరం రాయడం రాదని ఆవిడ ఎగతాళి చేసేదట. అన్నీ అంకెల్లా ముక్కలు ముక్కలుగా రాసేవారట. అంతవరకే చెప్పి కూర్చున్నారు.

పాస్టరుగారి ప్రార్థన నెమ్మదిగా సాగింది. మాస్టారి కుటుంబాన్ని పేరుపేరునా చెప్పారు. అందులో ఉన్నట్టుండి మా అమ్మ పేరు వినపడింది. ఈ ఇంటికి అనుకోకుండా వచ్చిన మరో తల్లిని, ఆమె బిడ్డను కూడా జ్ఞాపకం చేసుకుంటున్నామని అన్నారు. మాస్టారు చెప్పి ఉంటారు. కళ్ళు మూసుకున్న అంతమంది మధ్య నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ఇప్పుడు ఏదో ఒకటి అనిపిస్తుందనుకున్నాను. ఎదురుచూశాను. షామియానా గుడ్డ గాలికి పైకి లేచి కిందికి వాలింది. ఏమీ అనిపించలేదు. పక్కనున్నావిడ కళ్ళు మూసుకునే నా వీపు మీద చెయ్యి వేసి, ప్రార్థన అయ్యేదాకా ఉంచింది. చెయ్యి వేడిగా ఉంది. అది మాత్రం బాగా తెలిసింది.

భోజనాలప్పుడు మాస్టారు నా దగ్గరే నిలబడి పప్పుచారు మళ్ళీ వేయించారు.

"నాకు ఏడాదైనా ఇంకా ఇంతేనమ్మా," అన్నారు, నేనేమీ అడక్కుండానే. "చెయ్యాల్సినవన్నీ చేస్తూనే ఉన్నా. ఎవరో చేస్తున్నట్టుంటుంది."

"ఎప్పటికన్నా తగ్గుద్దాండీ?"

"నాకేం తెలుసు," అన్నారు. "మజ్జిగ పోసుకో."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళో వాళ్ళు తిరిగిచ్చిన కార్డుల సంచి, సంచి నిండా అమ్మ. ఒక కార్డు తీసి చూశాను. అక్క కూతురి పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి అమ్మను విడిగా కత్తిరించింది నేనే. వంకాయ రంగు పట్టుచీర. భుజం మీద, సరిగ్గా అంచు దగ్గర, రెండు వేళ్ళు ఉన్నాయి. ఎవరివో అనుకుని, ఆ తర్వాత పోల్చుకున్నాను. ఆ ఫోటోలో అమ్మ పక్కన నిలబడింది నేను. నన్ను నేనే కత్తిరించి తీసేసి, ఆ వేళ్ళు మిగిలిపోయిన సంగతి గమనించనేలేదు. పెద్దకర్మ కార్డు ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో, అన్నిళ్ళకూ ఆ వేళ్ళూ వెళ్ళాయి. పెనమలూరు దాకా ఆ కార్డు చేతిలోనే ఉంది. తర్వాత నిలబడ్డవాళ్ళు ఎక్కువై, సంచిలో పెట్టేశాను.

సోమవారం నుంచి ఫైళ్ళకు పేర్లు మార్చడం మొదలుపెట్టాను. ప్రతి పనికీ ఒక నంబరు, ఎనిమిది అక్షరాలు దాటకుండా. ఏ నంబరు ఎవరిదో నోటు పుస్తకంలో చేత్తో రాసుకున్నాను. పాత కార్డులన్నీ తెరిచి, ఫోటో సరైనదేనా అని చూసి, మళ్ళీ కలిపాను. పదకొండు రోజులు పట్టింది. ఇంకో మూడు చోట్ల ముఖాలు తారుమారై ఉన్నాయి. అవి బయటికి వెళ్ళలేదు. పనిలో పనిగా ప్రూఫులో ఫోటో కూడా ఉండాలని ఓనరుగారితో చెప్పాను. బొగ్గులా వచ్చినా సరే, మనిషిని చూసి సంతకం పెట్టాలన్నాను. ఆయన సరేనని, కొత్త ప్రోగ్రాము సంగతి కూడా చూద్దాం అన్నారు. చూద్దాం అని ఆయన పదేళ్ళ నుంచీ అంటున్నారు.

ఆ పని మధ్యలో వచ్చిన ఆదివారం అక్క ఫోను చేస్తే జరిగిందంతా చెప్పాను. మధ్యలోనే అక్క ఏడ్చింది. అది ఆగేదాకా ఫోను పట్టుకుని కూర్చున్నాను.

"ఆ కార్డులన్నీ ఏంచేశావే?"

"ఇంట్లోనే ఉన్నాయి. బీరువా మీద పెట్టా."

"పారేయకు."

"పారేయను."

"అంతసేపు మిషను దగ్గర నిలబడి చూస్తూ ఉన్నావా? అమ్మని? నీకేమీ తెలీలేదా?"

"అమ్మేనని తెలిసింది అక్కా. అక్కడ ఉండకూడదని తెలీలేదు."

కుక్కరు మూడో విజిలు వేసింది. పొయ్యి కట్టేసి వస్తానుండు అని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను.